వంగితే లేచే చెయ్యి

బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్‌కి తోటి డాక్టర్లతో పడేది కాదు. ఆపరేషన్ చేసి చేతులు దులుపుకుంటే చాలదు, ఆ రోగి తర్వాత ఎలా ఉన్నాడో చూసి లెక్క అప్పజెప్పాలనేవాడు. 1915లో ఒక సభలో నగరంలోని వైద్య ప్రముఖులను వెక్కిరించే కార్టూన్ ప్రదర్శించి, హార్వర్డ్‌లో కొలువు పోగొట్టుకున్నాడు. ఆ మొండిమనిషి పట్టు విడవకుండా పరిశోధించింది భుజాన్ని.

అంతకు చాలా ముందే, 1872లో, పారిస్ సర్జన్ డ్యుప్లే పట్టేసిన భుజాన్ని మత్తిచ్చి బలవంతంగా కదిలించమన్నాడు. కాడ్‌మన్‌ది వేరే దారి. 'ఫ్రోజెన్ షోల్డర్' అనే పేరు పెట్టింది కూడా ఆయనే, 1934లో వేసిన 'ది షోల్డర్' పుస్తకంలో.

నొప్పి ఉన్నవాడు నిలబడి చెయ్యెత్తాలంటే భుజం కండరాలు చేతి బరువంతా మోయాలి. అక్కడే ప్రాణం పోతుంది. అదే మనిషి బాగున్న చేత్తో బల్ల పట్టుకుని, నడుము దగ్గర వంగి, నొప్పి చేతిని వదిలేస్తే? చెయ్యి నేలవైపు వేలాడుతుంది, కానీ ఒంటితో చూస్తే ముందుకు ఎత్తినట్టే. కండరాలకు పెద్ద శ్రమ లేదు. పాదాల మీద బరువు ముందుకీ వెనక్కీ మారుస్తుంటే ఒళ్లు ఊగుతుంది, దాంతో చెయ్యీ ఊగుతుంది. కాడ్‌మన్ దారి ఇదే, మన ఫిజియోథెరపిస్టులు చేయించే 'పెండ్యులం' కూడా ఇదే. ఇంటికెళ్లాక చాలామంది ఒళ్లు కదపకుండా చేతిని మాత్రం గిరగిరా తిప్పేస్తారు. అసలు కిటుకు అక్కడే పోతుంది.

1944లో కాలిఫోర్నియాలో ఇన్‌మన్ బృందం మరో లెక్క తేల్చింది. చెయ్యి నిలువునా లేచే 180 డిగ్రీల్లో సుమారు 120 భుజం కీలువి, 60 వీపు మీది రెక్క ఎముకవి.

ఆ ఎముకకు ఆధారం నడుము, నడుముకి కాళ్లు. కెంటకీ డాక్టర్ బెన్ కిబ్లర్ టెన్నిస్ ఆటగాళ్లను పరిశీలించి, సర్వ్‌లో బలం సగానికి పైగా కాళ్లు, మొండెం నుంచే వస్తుందన్నాడు. అక్కడ లోటొస్తే ఆ భారం భుజం మీద పడుతుంది. అందుకే ఆయన పద్ధతిలో భుజం రోగి ఒంటికాలి మీద కూడా నిలబడాలి. 'లాన్‌మోవర్' అనే వ్యాయామంలో మోకాళ్లు వంచి, జనరేటర్ తాడు లాగినట్టు, ఒళ్లు తిప్పుతూ మోచేతిని వెనక్కి లాగాలి.

అయితే రెక్క ఎముక కదలిక తేడాగా ఉన్నా నొప్పే లేనివాళ్లు బోలెడుమంది. ఆ తేడా నొప్పికి కారణమా, నొప్పి వల్ల వచ్చిందా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.