పై పన్నూ, కంటి చూపూ

"పై పన్ను పీకిస్తే కన్ను పోతుంది" అన్న మాట మా మంత్రాలయం వైపు పెద్దల నోట నేను ఎన్నోసార్లు విన్నాను. కింది పన్నుకు లేని ఈ భయం పై పన్నుకే ఎందుకు? వట్టి మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడం సులువే. కానీ ఈ మాటకు చాలా పాత శాస్త్రగ్రంథంలో పోలిక కనిపిస్తుంది.

పన్ను పీకడం మన ప్రాచీన వైద్యులకు తెలియని విద్య కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అందుకోసమే ఒక పరికరాన్ని వర్ణించాడు. దాని పొడవు నాలుగు అంగుళాలు, ముఖం బాణపు పింజె ఆకారం. ఇక ఎప్పుడు పీకాలన్న ప్రశ్నకు సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 22వ అధ్యాయం స్పష్టంగా జవాబిస్తుంది. పంటి మూలాన చీము దారి చేసుకుంటే ఆ పన్ను తీసెయ్యాలి, ఆ చోటును కాల్చాలి. ఉపేక్షిస్తే అది దవడ ఎముకనే తొలిచేస్తుంది. అక్కడే ఒక మినహాయింపు కూడా ఉంది. గట్టిగా పాతుకున్న పై పన్ను పీకితే రక్తం విపరీతంగా పోయి, రోగి ఒంటికన్నువాడవుతాడనీ, మూతి వంకరపోతుందనీ, కాబట్టి పై పన్ను కదులుతున్నా తియ్యవద్దనీ హెచ్చరిక. మా ఊరి మాటకూ ఈ హెచ్చరికకూ ఎంత దగ్గర పోలికో చూడండి!

నేటి శరీరశాస్త్రం ప్రకారం పై పళ్ళకు స్పర్శనిచ్చేది అయిదవ కపాల నాడి శాఖ. చూపునిచ్చేది రెండవ కపాల నాడి. పన్ను తీసినంత మాత్రాన చూపు పోదు. అయితే పై పంటి చీము ముదిరితే కంటిగూటి వైపు పాకగలదు, అరుదుగా మెదడు దగ్గరి సిరలకూ చేరగలదు. చీము పట్టిన రోగికి పన్ను తీసిన తరువాత కన్ను దెబ్బతింటే, చూసినవారు తప్పును పీకడం మీదే మోపి ఉంటారని నా ఊహ.

సుశ్రుతుడు భయపడిన రక్తానికీ, రోగి భయపడే నొప్పికీ విరుగుడు చాలా ఆలస్యంగా దొరికింది. 1844 డిసెంబరులో హొరేస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారం వచ్చాయి. క్లోరోఫారం మరణాలు కలవరపెట్టగా, దాని భద్రతను తేల్చడానికి 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వ ఆదరణతో పరిశోధనలు జరిగింది మన హైదరాబాదులోనే. ఎడ్వర్డ్ లారీ వాటికి సారథి. 1884లో కొకైన్ మొద్దుబార్చే మందుగా బయటపడింది. 1903లో హైన్రిక్ బ్రాన్ దానికి ఆడ్రినలిన్ జోడించాక మొద్దుబారడం ఎక్కువసేపు నిలిచింది, రక్తస్రావమూ తగ్గింది. 1943లో స్వీడన్‌లో లిడోకైన్ తయారయింది. నేటి దంతవైద్యుడి సూదిలో తరచుగా ఉండేది అదే.

ఇప్పుడు పుచ్చు నరం దాకా వెళ్ళినా రూట్ కెనాల్‌తో చాలా పళ్ళు నిలుస్తాయి. వేరు నిలువునా చీలినా, పట్టి ఉంచే ఎముక బాగా కరిగిపోయినా తీయక తప్పదు. పైదైనా, కిందిదైనా ఇదే లెక్క.

సుశ్రుతుడి హెచ్చరిక ఆనాటి సాధనాలకు తగిన జాగ్రత్త. అదే మాట పట్టుకుని ఈనాడు చీము పట్టిన పై పంటిని లవంగనూనెతో నెట్టుకొచ్చేవారు, కంటిని కాపాడుకుంటున్నామనుకుంటూనే దాన్ని ప్రమాదంలోకి నెడుతున్నారు. ఉపేక్షిస్తే దవడ పోతుందన్నదీ ఆ సుశ్రుతుడే. ఆ సగం మాత్రం మన పల్లెల దాకా రాలేదు. మీ ప్రాంతాల్లో ఏ సగం మిగిలింది?