కుండ కింద ఎవరి పేరు?

పుదుచ్చేరిలో ఒక ప్రదర్శన చూసి వచ్చాక ఇది రాయాలనిపించింది. సముద్రం ఒడ్డున, ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళు కట్టుకున్న వీధుల్లో, ఒక పాత ఇంటిని బాగు చేసి గ్యాలరీగా మార్చారు. దాని పేరుతో మనకు పని లేదు. తూర్పు పడమరల కళాకారులను ఒకచోట చేర్చామని గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు. లోపల ఒక పెద్ద జాడీ ఉంది. దాని కింద చీటీలో చేసిన మనిషి పేరు, దేశం, సంవత్సరం, వాడిన మట్టి రకం, కాల్చిన వేడి, అన్నీ రాశారు. రెండడుగుల అవతల నా భుజం ఎత్తున ఒక మట్టి గుర్రం. దాని చీటీలో రెండే మాటలు: విల్లియనూర్, సంప్రదాయం.

గుర్రం ఏ వందేళ్ళ నాటిదో అనుకున్నాను. కాదు. ఆ ప్రదర్శన కోసమే నెల ముందు చేయించారట.

"చేసినాయన పేరేమిటండీ?" అని నిర్వాహకురాలిని అడిగాను.

"అది సంప్రదాయ కళ సార్. అందులో వ్యక్తి ముఖ్యం కాదు" అంది, మర్యాదగానే.

మరి డబ్బు సంప్రదాయానికి ఇచ్చారా, వ్యక్తికి ఇచ్చారా అని అడగబోయి ఊరుకున్నాను. తప్పు ఆమె ఒక్కదానిదే అనుకోవడం అన్యాయం. ఈ అలవాటు చాలా పాతది, దాని జాడలు ఈ ఊరి మట్టిలోనే ఉన్నాయి.

ఊరికి దక్షిణాన అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. అక్కడ 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించాడు. ఇటలీలోని అరెజ్జో తరహా ఎర్ర పాత్రల ముక్కలు దొరికాయి. వాటి కాలం ఐరోపాలో ముందే తెలుసు కాబట్టి, వాటి పక్కన దొరికిన మన పాత్రలకు కూడా కాలం కట్టే వీలు కలిగింది. ఇది నిజంగా పెద్ద మేలు, కాదనను. వీటితోబాటు ఇంకో రకం దొరికింది. పల్చటి నల్లని పళ్ళేలు, లోపల అడుగున చిన్న చక్రం దొర్లించినట్టు సన్నని చుక్కల వలయాలు. రూలెటెడ్ వేర్ అంటారు. ఇవి అరికమేడులోనే కాదు, మన అమరావతిలో, శాలిహుండంలో కూడా దొరికాయి. వీటిలో మేలు రకం మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చిందని, మోటువి మాత్రం ఇక్కడివాళ్ళు చేసిన నకళ్ళని వీలర్ లెక్క వేశాడు. ఇందులో తర్కం గమనించారా? బాగుంటే వాళ్ళది, బాగోకపోతే మనది. చాలా పుస్తకాలు ఇదే పాఠం ఏళ్ళ తరబడి చెప్పాయి.

దాన్ని తిరగరాసింది దేశాభిమానం కాదు, మట్టి. విమలా బెగ్లీ బృందం 1989 నుంచి 1992 వరకు మళ్ళీ అరికమేడులో తవ్వింది. రోమను సరుకు రాకముందే అక్కడ ఊరుందని, వీలర్ కట్టిన కాలాలను వెనక్కి జరపాలని తేలింది. 1990లలో పుణె డెక్కన్ కాలేజీకి చెందిన విశ్వాస్ గోగ్టే ఈ పెంకులను ఎక్స్‌రే పద్ధతిలో పరీక్షించాడు. వాటిలోని ఖనిజాలు బెంగాల్ వైపు దిగువ గంగ మట్టితో సరిపోయాయి. తర్వాత జరిగిన రసాయన పరీక్షలు కూడా వీటి మూలాన్ని మన దేశంలోనే చూపాయి తప్ప మధ్యధరా తీరంలో కాదు. చుక్కలు దొర్లించే పద్ధతి మాత్రం అటునుంచి వచ్చి ఉండవచ్చని బెగ్లీ అంది. వస్తే వచ్చింది. పద్ధతి ఒక చోటిది, మట్టి ఇంకో చోటిది, చేతులు మూడో చోటివి కావచ్చు. రెండు సంస్కృతులు నిజంగా కలిస్తే ఇలాగే ఉంటుంది. చీటీ మీద మాత్రం ఒకే పేరు పడుతుంది.

ఇక మన కాలానికి వద్దాం. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. ఆయన కాలిఫోర్నియాలో చదివాడు, ఆమె జపాన్‌లో పని నేర్చుకుంది. వాళ్ళు తెచ్చింది స్టోన్‌వేర్. మన కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీల లోపే. అందుకే మన కుండకు నీళ్ళు చెమరుస్తాయి, ఆ నీళ్ళు చల్లగా ఉంటాయి. స్టోన్‌వేర్‌ను సుమారు 1,200 నుంచి 1,300 డిగ్రీల దాకా కాలుస్తారు. మట్టి సగం రాయిలా బిగుస్తుంది, పైన పూసిన గ్లేజు కరిగి గాజులా పట్టుకుంటుంది. దీన్ని చాలామంది పాశ్చాత్య పరిజ్ఞానం అంటారు. కానీ ఇది చైనాలో పుట్టి కొరియా, జపాన్ చేరిన విద్య. బెర్నార్డ్ లీచ్, షోజి హమాదా కలిసి 1920లో దీన్ని ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌కు తీసుకెళ్ళారు. అక్కడినుంచి అమెరికాకు పాకింది. అంతకు ముందే, 1919లో, మన గురుచరణ్ సింగ్ జపాన్ వెళ్ళి ఇదే పని నేర్చుకుని ఢిల్లీ తిరిగొచ్చాడు. ఆసియా విద్య భూమి చుట్టూ తిరిగి పుదుచ్చేరి చేరితే దానికి పడమర అని పేరు పెట్టాం.

గోల్డెన్ బ్రిడ్జ్ చేసిన మేలు చిన్నది కాదు. దేశంలోని స్టూడియో కుండకారుల్లో ఒక తరం అక్కడే తయారైంది. అక్కడ నేర్చుకున్న మాధ్వీ సుబ్రహ్మణియన్, వినీత్ కక్కర్ వంటివారు మరికొందరితో కలిసి 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మొదటి ఇండియన్ సెరామిక్స్ ట్రయెన్నాలే నడిపారు. మన దేశం వాళ్ళు, బయటి దేశాల వాళ్ళు కలిపి నలభై మందికి పైగా పాల్గొన్నారు. ఎంపిక చేసింది మట్టి పని తెలిసిన కళాకారులే. నా దృష్టిలో ఇది ముఖ్యం. మట్టిలో చెయ్యి పెట్టినవాడికి ఎదుటివాడి పనిలో ఎక్కడ కష్టం ఉందో కనిపిస్తుంది.

ఈ ఊళ్ళో స్టోన్‌వేర్ చేసిన చాలామంది స్థానిక పనివాళ్ళు. చుట్టుపక్కల చిన్న చిన్న కార్ఖానాలు పుట్టుకొచ్చాయి, పాండిచ్చేరి పాటరీ అనేది సరుకు పేరైంది. ఇక్కడా ఊరి పేరు మిగిలింది, మనుషుల పేర్లు తక్కువే తెలుసు.

పేర్ల గొడవ ప్రపంచమంతా ఉంది. 1984లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆదిమవాదం మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. పికాసో వంటివారి పనుల పక్కన ఆఫ్రికా, ఓషియానియా బొమ్మలు నిలబెట్టారు. ఒక వైపు పేరు, తేదీ. ఇంకో వైపు తెగ పేరే. దీనిమీద విమర్శలు చెలరేగాయి. 1989లో పారిస్‌లో జాన్ హ్యూబెర్ మార్టాఁ ఇంకో దారి పట్టాడు. 'భూమి మాంత్రికులు' అనే అర్థం వచ్చే పేరుతో ప్రదర్శన పెట్టి, వంద మంది కళాకారుల్లో సగం మందిని పాశ్చాత్యేతరుల నుంచి తీసుకున్నాడు, అందరికీ పేర్లు రాశాడు. మన దేశం నుంచి మిథిల చిత్రకారిణి బవువా దేవి, గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అందులో ఉన్నారు. కళాకారులను మాంత్రికులు అనడం నాకు నచ్చలేదు. సంతకం ఉన్న బొమ్మకు మంత్రం ఎందుకు? అయినా పేరు రాయడం పెద్ద అడుగే.

పేరు వచ్చాక జన్‌గఢ్‌ను చాలా చోట్లకు పిలిచారు. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేస్తూ, అక్కడే ఉరి వేసుకుని చనిపోయాడు. వయసు నలభై లోపే. ఇంటికి రావాలని ఎంతో ఆరాటపడ్డాడని ఆయన ఉత్తరాల వల్ల తెలిసింది. మన దేశంలో కళాకారులు దీనిమీద గట్టిగా ప్రశ్నలు వేశారు. అంటే చీటీ మీద పేరుంటే సరిపోదు. ఒప్పందం ఏ భాషలో ఉంది, తిరుగు టికెట్టు ఎవరి చేతిలో ఉంది, రోజుకు ఎంత ఇస్తున్నారు, ఇవన్నీ క్యూరేటరు పనిలో భాగమే. ఏ కేటలాగులోనూ ఇవి అచ్చు కావు.

విల్లియనూర్‌కు తిరిగి వస్తాను. పుదుచ్చేరి నుంచి బస్సులో కాసేపటి ప్రయాణం. అక్కడి మట్టి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరికి వచ్చే గుర్తింపు. 2020లో ఆ పని చేసే వి.కె. మునుసామికి పద్మశ్రీ ఇచ్చారు. అది మనిషికి వచ్చింది. ఒకే మట్టికి ప్రభుత్వం రెండు రకాలుగానూ గౌరవం ఇవ్వగలిగింది, మన గ్యాలరీలకు ఒక్క చీటీ రాయడం కష్టమైంది. నెల క్రితం చేసిన గుర్రం సమకాలీనం కాకపోతే ఇంకేది సమకాలీనమో నాకు తెలియదు.

గుర్రం చేసినాయనను వెతుక్కుంటూ ఒక ఆదివారం వెళ్ళాను. నా అరకొర తమిళంతో సంగతి చెప్పాను. ఆయన సారె ఆపలేదు. ప్రదర్శనకు పిలిచారా అంటే, గుర్రం దించడానికి వెళ్ళానన్నాడు. ఆవంలో పగలకుండా కాళ్ళు విడిగా చేసి అతికిస్తామని, లోపల బోలుగా వదలకపోతే ఆవిరి పట్టి పేలుతుందని చూపించాడు. ఇదంతా చీటీలో రాయొచ్చు కదా అన్నాను. పేరు రాయాలంటే ఏం రాయమంటారు అని కూడా అడిగాను.

"పేరు రాస్తే సరేనయ్యా, కింద ఫోను నంబరు కూడా వేయమనండి. దీపావళి ముందు ఆర్డర్లు వస్తాయి" అన్నాడు.

వచ్చి గ్యాలరీకి ఉత్తరం రాశాను, ఆయన పేరు, నంబరు రెండూ పెట్టి. వారం తర్వాత జవాబు వచ్చింది. పేరు వేస్తామని, నంబరు వేసే పద్ధతి తమకు లేదని.