జోడేఘాట్ పున్నమి: వర్ధంతి సభలో ఏది ముందు?



ఆశ్వయుజ పున్నమి దగ్గర పడితే చాలు, కుమ్రం భీం వర్ధంతి కోసం టెంట్లు, మైకులు, ఫ్లెక్సీల గురించి మాట్లాడుకుంటాం. వాటికన్నా ముందు తేల్చుకోవలసింది కార్యక్రమం వరుస. ఏది ముందు పెడతామో చూస్తే మనకు చరిత్ర ఎంత తెలుసో అర్థమైపోతుంది.

మొదటిది తిథి. భీం 1940లో జోడేఘాట్ కొండల్లో నైజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. తేదీ విషయంలో పుస్తకాలు ఒక మాట మీద లేవు. మన పెద్దలు మాత్రం పున్నమిని గుర్తుపెట్టుకున్నారు. రాత లేని రోజుల్లో చరిత్రను కాపాడింది ఆ గుర్తే. కాబట్టి అతిథుల వీలు కోసం సభను ఆదివారానికి మార్చవద్దు.

రెండోది పూజ, నివాళి. భీం ఒక్కరే చనిపోలేదు. ఆయనతో పాటు ప్రాణాలిచ్చిన వారి పేర్లు పెద్దలను అడిగి రాసుకోండి. దండ వేసే ముందు ఆ పేర్లు గట్టిగా చదవండి.

మూడోది కథ. ప్రధాన్ కళాకారులు కిక్రి వాయిస్తూ చెప్పే కథకు పూర్తి సమయం ఇవ్వండి. సంకేపల్లిలో పుట్టిన పిల్లవాడు అస్సాం తేయాకు తోటల దాకా ఎందుకు వెళ్లాడు? తిరిగొచ్చి పన్నెండు గూడేలను ఎలా ఒక్కటి చేశాడు? జల్, జంగల్, జమీన్ అంటే ఏమిటి? ఇవి పిల్లలు మన భాషలో వినాలి. ప్రసంగాలు ఆ తర్వాతే.

గుస్సాడీ గురించి ఒక మాట. నెమలి పింఛాల టోపీకి పూజ చేసి, దీపావళి రోజుల దండారిలో ధరిస్తాం. అది దైవకార్యం. నాయకులకు స్వాగతం పలకడానికి గుస్సాడీలను వరుసగా నిలబెట్టడం తగదు. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ కళను నిష్ఠగా నిలిపినందుకే.

చివరిది దర్బార్. భీం పోరాటం తర్వాతే నైజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ మొదలైంది కూడా ఆ దశాబ్దంలోనే. అంటే అధికారులు మన గోడు మన దగ్గరికే వచ్చి వినడం ఆ త్యాగాల ఫలం. అందుకే వర్ధంతి రోజున పోడు పట్టా రాని వారి అర్జీలు ముందే రాయించి, వారినే వేదిక మీదికి పిలవండి.

భీం అడిగింది భూమి. ఆయన పేరిట జరిగే సభలో భూమి మాట లేకపోతే ఎంత పెద్ద విగ్రహం పెట్టినా లోటే.

జోహార్ కుమ్రం భీం! జై జంగో! జై లింగో!