ఎనభై అడుగుల కెరటం, ఒక నడిగడ్డ మనిషి

నజరే నుంచి నేను పంపిన, పెద్ద అలమీద ఒకాయన జారే వీడియో చూసి అమ్మ అడిగిన మొదటి మాట: "ఆయన్ని ఎవరు నూకిండ్రురా?" ఎవరూ నూకలేదమ్మా, తనంత తానే పోయిండంటే నమ్మలేదు. రెండో ప్రశ్న ఇంకా కష్టం. "దానికి జీతమెంత ఇస్తరు?"

నేను సముద్రం చూసిందే పోర్చుగల్ వచ్చాక. లిస్బన్‌కు ఉత్తరాన నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నజరేకు చలికాలం జనం జాతరకు పోయినట్టు పోతారు. కొండ కొమ్మున పాత కోట, దాని మీద దీపస్తంభం, ఎదురుగా ఏడెనిమిది అంతస్తుల నీటిగోడ. దాని మీదినుంచి చీమంత మనిషి జారుతుంటాడు. కింద ఇసుకలో ఎండు చేపలమ్మే అవ్వ ఒకామె మాత్రం అటు చూడనే చూడదు. కెరటం ఎంత పెద్దదొస్తే అంత గట్టిగా వీపు తిప్పుకుంటుంది.

అక్కడి అలకు కారణం నీళ్ళ కింది లోయ. 230 కిలోమీటర్ల పొడవు. లోతు ఒకచోట ఐదు కిలోమీటర్లు. మన నల్లమల కొండలు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టినా మునిగిపోతాయి. తుపాను అల లోతున్న లోయ మీదుగా వేగం తగ్గకుండా వస్తుంది. పక్కన మెరక మీద వచ్చేది మెల్లబడుతుంది. రెండూ దీపస్తంభం దగ్గర కలిసి ఒకటిగా లేస్తాయి. గద్వాల చీరకు నూలు ఒళ్ళు, పట్టు అంచు కుప్పడం వేసి కలిపినట్టన్నమాట. మా మగ్గాల సందులో పెరిగినవాణ్ణి, నాకింకోలా అర్థం కాలేదు.

ఈ అలే ఊరిని శతాబ్దాలపాటు ఏడిపించింది. 1980ల దాకా నజరేకు హార్బర్ లేదు. పడవల్ని ఇసుక మీదినుంచే అలల్లోకి తోసేవారు. తిరిగొస్తే ఎద్దులు కట్టి ఒడ్డుకు లాగేవారు. (ఎద్దుల ఫోటో చూసినప్పుడు ఇంటిమీది బెంగ సగం తీరింది నాకు.) తిరిగిరాని పడవల కోసం ఆడవాళ్ళు ఒడ్డున కూర్చునేవారు. ఒకదాని మీద ఒకటి ఏడు పావడాలు కట్టేది అందుకేనంటారు: కొన్ని కాళ్ళకు, కొన్ని తలమీద కప్పుకోవడానికి. ఆ అవ్వ వీపు ఎందుకు తిప్పుకుందో అప్పుడు తెలిసింది.

ఇక ఆ అలమీద జారడం ఎలా మొదలైందంటే. 2005లో డీనో కాసిమిరో అనే స్థానికుడు ఈ అల ఫోటోను హవాయిలో ఉండే సర్ఫర్ గారెట్ మెక్‌నమారాకు పంపాడు. ఆయన వచ్చింది 2010లో. వచ్చీరాగానే దూకలేదు; నౌకాదళంవాళ్ళ సాయంతో సముద్రపు అడుగును చదువుకున్నాడు. మరుసటేడు నవంబర్ 1న 78 అడుగుల అలమీద జారి ప్రపంచ రికార్డు కొట్టాడు. అప్పటికి వయసు 44. మన దగ్గర ఆ వయసుకు ఆటగాళ్ళు కోచ్‌లైపోతారు.

ఇక జీతం సంగతి. నెలజీతం లేదమ్మా, కంపెనీలు స్పాన్సర్ చేస్తాయి, అని చెప్పాను. చేతులతో ఈది ఆ అలను అందుకోలేరు, జెట్‌స్కీ మీద ఇంకొకరు తాడుతో లాగాలి. కొండ మీద వాకీటాకీతో మరొకరు. ఒంటిమీద గాలి నిండే జాకెట్. మిగతాదంతా ఎదురుచూపు. వానకోసం మొగులు చూసే రైతులాగా తుపాను పటాలు చూస్తూ నెలలు గడుపుతారు.

2013 అక్టోబర్‌లో బ్రెజిల్ అమ్మాయి మాయా గబేరా ఇక్కడే పడిపోయింది. చీలమండ విరిగింది, స్పృహ పోయింది. తోటి సర్ఫర్ కార్లోస్ బుర్లే ఒడ్డుకు లాగి గుండె నొక్కి బతికించాడు. ఆమె మళ్ళీ వచ్చింది! 2018లో 68 అడుగులు, 2020లో 73.5 అడుగులు ఎక్కింది. ఆడవాళ్ళ రికార్డంటూ ఒకటి రాయించుకోవడానికి సంతకాలు సేకరించాల్సి వచ్చిందామెకు. నాకు అలకన్నా అదే పెద్ద కొండ అనిపించింది. 2020లోనే జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిట్‌నర్ 86 అడుగుల అలమీద జారాడు. 2023 జనవరిలో మార్సియో ఫ్రైరే అనే సర్ఫర్ ఇక్కడే చనిపోయాడు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

ఈ సర్ఫర్లు ఎక్కడెక్కడివాళ్ళో గానీ, పోర్చుగీసువాళ్ళ తెగువ మాత్రం మనకు కొత్తేం కాదు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టోవావ్ ద ఫిగెయిరెదో కొద్దిమంది తుపాకులవాళ్ళతో వచ్చి గోడమీది కాపలావాళ్ళను కాల్చాడు. ఆ యుద్ధం గురించి రాసిపెట్టిన నూనిజ్ కూడా పోర్చుగీసువాడే, గుర్రాల వ్యాపారి. రాయచూరు మాకు బస్సు దూరం. ఆఫీసులో ఇక్కడివాళ్ళకు ఇదంతా గంటసేపు చెప్పాను. మీ తాతలు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ గుమ్మందాకా వచ్చారయ్యా అంటే, మర్యాదకు తలూపి కాఫీకి పోయారు.

మేం నీళ్ళకు భయపడం అనుకునేవాణ్ణి. బీచుపల్లి దగ్గర పుట్టిలో కృష్ణ దాటినవాళ్ళం. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర రాజోలి ఊరిని ముంచి మగ్గాల్ని బురదలో పాతాక ఆ మాట అనడం మానేశాం. నజరే అవ్వ పక్కన కూర్చున్నప్పుడు నాకు ఆ బురద వాసనే వచ్చింది. ఎండు చేపలు అరకిలో కొన్నాను, వండుకునే వీలు లేకపోయినా.

మొన్న కృష్ణమీది జూరాల డ్యాం గేట్లెత్తారట. చూడ్డానికి పోయిన తమ్ముడు నాకు వినిపించాలని ఫోన్‌ను నీళ్ళవైపు పట్టాడు. గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. "ఇనొస్తుందా అన్నా?" అని అరిచాడు. వినొస్తుందన్నాను.