ధమనుల వార్ధక్యము యౌవనములోనే

ధమనులు గట్టిపడుట ముసలితనపు వ్యాధియని లోకము చిరకాలము తలచినది. ఆ తలంపును 1953లో ఒక పరిశోధన కదలించెను. కొరియా యుద్ధములో మరణించిన 300 మంది అమెరికను సైనికుల హృదయములను ఎనాస్, హోమ్స్, బేయర్ అను వైద్యులు పరీక్షించిరి. ఆ సైనికుల సగటు వయస్సు 22 సంవత్సరములు. యుద్ధమునకు తగినవారని ఎంపికైన యువకులు. అయినను నూటికి 77 మందిలో హృదయమునకు రక్తము నందించు ధమనులందు వ్యాధి చిహ్నములు కంటికి కనబడినవి.

ఈ వ్యాధి యెట్లు పుట్టును? రక్తములోని కొలెస్టరాల్ ధమని లోపలి పొర క్రిందికి చేరును. దానిని మ్రింగవచ్చిన తెల్లకణములు అచ్చటనే చిక్కుకొని పసుపుపచ్చని చారలుగా ఏర్పడును. ఏండ్లు గడచినకొలది ఆ చారలలో కొన్నిటిపై నారపొర పెరిగి గడ్డకట్టును, నాళము ఇరుకగును.

అట్లయిన లావుగా ఉన్నవారికే ఇది ముందు వచ్చునా? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు లావును కొలుచుట తెలియవలెను. మనిషి బరువు ఎత్తుయొక్క వర్గము ననుసరించి మారునని బెల్జియము గణితజ్ఞుడు క్వెట్లే 1832లో గుర్తించెను. 64 కిలోగ్రాముల బరువు, 1.6 మీటర్ల ఎత్తు గలవాని సూచిక 64 ÷ 2.56 = 25. ఈ సూచికను అమెరికను శాస్త్రజ్ఞుడు కీస్ 1972లో మరల ప్రచారములోనికి తెచ్చెను.

కాని త్రాసు కండను, కొవ్వును వేరుచేయలేదు. ఈ చిక్కును విప్పుటకు అమెరికా నౌకాదళ వైద్యుడు బెంకే 1942లో ఆర్కిమెడీస్ సూత్రము నాశ్రయించెను. కొవ్వు సాంద్రత సుమారు 0.9, కండ, ఎముక మున్నగువాని సాంద్రత సుమారు 1.1. కనుక మనిషిని నీటిలో ముంచి తూచినచో అతనిలో కొవ్వెంతయో లెక్కింపవచ్చును. ఆయన పరీక్షించిన 25 మంది ఫుట్‌బాల్ ఆటగాండ్రలో 17 మంది బరువు పట్టికల ప్రకారము సైన్యమునకు పనికిరారు. వారిలో చాలమంది బరువునకు కారణము కండయే!

కొవ్వు ఎంత యున్నదన్నదే కాక, ఎచ్చట నున్నదన్నదియు ముఖ్యమని ఫ్రాన్సులోని మార్సెయ్ నగర వైద్యుడు వాగ్ 1947 మొదలుకొని వాదించెను. తొడలయందలి కొవ్వుకన్న నడుమునకు పైభాగమున చేరు కొవ్వు మధుమేహమునకు, ధమనుల వ్యాధికి ఎక్కువ దారితీయునని ఆయన చెప్పెను.

ఈ రెండు త్రోవలును తుదకు కలిసినవి. అమెరికాలోని బొగలూసా పట్టణములో బెరెన్సన్ బృందము పిల్లలను ఏండ్ల తరబడి పరీక్షించినది. చిన్నవయస్సుననే మరణించిన కొందరి ధమనులను గూర్చి 1998లో ప్రకటించినది. సూచిక, రక్తపుపోటు, కొలెస్టరాల్ వంటివి ఎక్కువైనకొలది చారలును ఎక్కువ. అట్టి హేతువులేవియు లేనివారి హృదయధమనుల లోపలి తలములో నూటికి 1.3 వంతున చారలుండగా, మూడు నాలుగు హేతువులు గలవారిలో 11 వంతున నుండెను. ప్రమాదాది కారణములచే మరణించిన 15–34 ఏండ్లవారు సుమారు 3000 మందిపై జరిగిన పరిశోధన 2002లో స్థూలకాయులైన యువకులలో వ్యాధి త్వరపడునని చూపెను. యువతులలో ఆ సంబంధ మంత స్పష్టముగా లేదు.

మనకు మరియొక హెచ్చరిక కలదు. పూనాకు చెందిన యాజ్ఞిక్, లండనుకు చెందిన యుడ్కిన్ అను వైద్యు లిరువురి సూచికయు 22.3. కాని దేహములో కొవ్వు మొదటివారికి నూటికి 21.2, రెండవవారికి 9.1 అని 2004లో వారే తెలిపిరి. సన్నని భారతీయుని పొట్టలో కొవ్వు దాగియుండవచ్చును. ఆ యేడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసియావాసులు 23 నుండియే జాగ్రత్తపడవలెనని సూచించెను.

కథ నిరాశతో ముగియదు. 2001–2011 మధ్య మరణించిన 3832 మంది అమెరికను సైనికులను పరీక్షింపగా, హృదయధమనుల వ్యాధి నూటికి 8.5 మందిలో మాత్రమే కనబడినదని 2012లో వెల్లడియైనది. కొరియానాటి పరీక్షా విధానము వేరు గనుక రెండంకెలను సరిగా పోల్చరాదు. అయినను తగ్గుదల స్వల్పము కాదు. స్థూలకాయులలో మాత్రము అది అప్పుడును ఎక్కువే. యౌవనమున మొదలగు వ్యాధిని యౌవనముననే అరికట్టుట సాధ్యము. అందుచేత పాఠశాలలోని ఆటస్థలమును కూడ ఒక వైద్యశాలగా ఎంచుట తగును.