మిన్నెసోటా రాణిగారి పాదరక్ష

అమెరికాలో రాష్ట్రానికొక జెండా, ఒక పిట్ట, ఒక పువ్వు ఉండటం వచ్చిన కొత్తలో మనవాళ్ళకు కొంత వింతగానే తోస్తుంది. అందులో మిన్నెసోటావారు ఎన్నుకొన్న పువ్వు మరీ వింత. దండకు పనికిరాదు, పూజకు పనికిరాదు, తలలో పెట్టుకొనే మాట అసలే లేదు. అడవిలో నుంచి తవ్వి తెచ్చి దొడ్లో పాతితే సాధారణంగా చచ్చిపోతుంది. సీడార్, టామరాక్ చెట్లు పెరిగే చిత్తడి అడవుల అంచున, కాస్త వెలుతురు పడే చోట, తడినేలలో నిలబడి జూన్ ఆఖరున, జూలై మొదట్లో పూస్తుంది.

మూడు నాలుగడుగుల వరకు ఎదిగే కాడ, వెడల్పైన ముడతల ఆకులు, తెల్లని రేకులు. వాటి ముందు గులాబిరంగు చారలతో ఉబ్బిన చిన్న సంచి. ఆ సంచి అచ్చం ముందు భాగం మూసివున్న చెప్పులా ఉంటుంది కనుక ఇంగ్లీషువారు లేడీస్ స్లిప్పర్ అన్నారు. మొకాసిన్ పువ్వు అనికూడా అంటారు. ఆ మాట ఈ నేల తొలివాసులది. ఒజిబ్వే భాషలో మకిజిన్ అంటే చెప్పు. శాస్త్రజ్ఞులూ చెప్పును వదలలేదు. లినేయస్ ఈ జాతికి 1753లో వీనస్ దేవత పేరూ పాదమూ కలిసేటట్లు సైప్రిపీడియం అని నామకరణం చేశాడు. 1788లో థామస్ వాల్టర్ మన పువ్వుకు రెజినే, అంటే ‘రాణిగారిది’ అని బిరుదు తగిలించాడు.

ఇది ఆర్కిడ్ కుటుంబానికి చెందినది. ఆర్కిడ్ అంటే మనకు చెట్టుకొమ్మను పట్టుకొని బతికే బదనిక గుర్తుకు వస్తుంది. సామర్లకోటలో ఉండి మన కోస్తా మొక్కలకు బొమ్మలు వేయించిన డాక్టర్ రాక్స్‌బర్గ్ 1795లో అచ్చయిన తన గ్రంథంలో అటువంటి బదనిక నొకదానిని వర్ణించాడు. అది కొమ్మమీది చుట్టం. ఇది నేలమీది చుట్టం.

ఇక చరిత్రకు వద్దాం. 1893 చికాగో అంటే మనకు వివేకానందస్వామి ప్రసంగమే. ఆ సర్వమత సభ జరిగింది కొలంబస్ పేర పెట్టిన ప్రపంచ ప్రదర్శన సందర్భంగానే. ఆ ప్రదర్శన పనుల్లో పాల్గొన్న స్త్రీలు, ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క పువ్వును ఎన్నుకొంటే అన్నీ కలిసి జాతీయ పుష్పమాల అవుతుందని తలపోశారు. మిన్నెసోటా స్త్రీలు లేడీస్ స్లిప్పర్ కావాలన్నారు. ఆ ఫిబ్రవరిలోనే సెనేట్ సరేనన్నది. తీర్మానంలో మాత్రం శాస్త్రీయనామం సైప్రిపీడియం కాల్సియోలస్ అని పడింది.

చిక్కంతా అక్కడ వచ్చింది. కాల్సియోలస్ యూరప్, ఆసియాల మొక్క; మిన్నెసోటా అడవుల్లో అది మొలవదు. ఇక్కడ పూసే పసుపుపచ్చ లేడీస్ స్లిప్పర్‌ను చాలాకాలం దానిలోనే ఒక రకంగా లెక్కించిన మాట నిజమే కాబట్టి సెనేటర్లను మరీ తప్పుపట్టనక్కర లేదు. అయినా, స్వదేశీ పువ్వని సగర్వంగా చాటిన పేరు ఒక విదేశీయురాలిది కావడం, వలస వచ్చిన మనబోటివాళ్ళకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది!

ఈ పొరపాటును పట్టుకొన్నది ఏ ప్రొఫెసరూ కాదు. మినియాపొలిస్‌లో సెయింట్ ఆంథొనీ స్టడీ సర్కిల్ అని స్త్రీలు కూడి చదువుకొనే బృందం ఒకటి ఉండేది. కాల్సియోలస్ ఈ రాష్ట్రంలో లేదని వారు తేల్చారు. 1902లో శాసనసభ ఆ పేరు తీసివేసి, గులాబి, తెలుపు కలిసిన రెజినే పేరు చేర్చింది. శాసనసభ్యులను ఎన్నుకొనేందుకు ఓటైనా లేని స్త్రీలు శాసనసభ చేతనే దిద్దుబాటు చేయించారన్న మాట. ఆ వోటు రావడానికి 1920 దాకా ఆగవలసి వచ్చింది.

బిరుదు వచ్చింది గాని బతుకు తేలిక కాలేదు. ఒకవైపు వ్యవసాయానికని చిత్తడి నేలల నీరు కాలువలు తీసి పారగొట్టారు. మరోవైపు ముచ్చటపడి కోసుకుపోయేవారు, వేళ్ళతో సహా తవ్వుకుపోయేవారు. మరో మొక్కయితే మళ్ళీ మొలుస్తుంది; దీని సంగతి వేరు. విత్తనం ధూళికణమంత, అందులో మొలకకు తిండి ఉండదు. నేలలోని ఒక రకం బూజు దానికి ఆహారం అందిస్తేనే మొలక బతుకుతుంది. మొదటి పువ్వు పూయడానికి ఒక్కొక్కప్పుడు 16 ఏళ్ళు పడుతుంది. దొరికిన చోట నిలిస్తే మాత్రం నూరేళ్ళదాకా బతకగలదు. అంటే ఒక్క నిమిషంలో పీకిపారవేసేది ఒక పిల్లవాడు కాలేజీలో చేరేంత కాలపు పెంపకాన్ని.

దీనికి పురుగుల చేత పని చేయించుకొనే తీరు కూడా కష్టమైనదే. 1862లో డార్విన్, ఈ జాతి పూలలో పురుగు వెలుపలినుంచే సందులోకి తొండం పెడుతుందని ఊహించాడు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఏసా గ్రే కాదన్నాడు: చిన్న పురుగు సంచి నోట్లోనుంచి లోపలికి దిగి, వచ్చిన దారిన పోలేక, వెనుకనున్న సన్నని సందుల్లోనుంచి దూరి పుప్పొడి పూసుకొని బయటపడుతుందన్నాడు. డార్విన్ స్వయంగా ఒక చిన్న తేనెటీగను పువ్వులో వదిలి చూచి గ్రే మాటే సరియైనదని 1877 ముద్రణలో ఒప్పుకొన్నాడు. ఇంత శ్రమపడిన తేనెటీగకు దక్కే తేనె మాత్రం సున్న.

1925లో మిన్నెసోటా ఒక చట్టం చేసింది. లేడీస్ స్లిప్పర్లతోపాటు తక్కిన ఆర్కిడ్లను, ట్రిలియం, లిల్లీ వంటి మరికొన్ని అడవిపూలను ఇష్టం వచ్చినట్లు తవ్వి, కోసి అమ్మరాదన్నది. ఆ జాబితాలో తామర కూడా ఉన్నది! ఈ దేశపు తామర పసుపుపచ్చనిది. రాష్ట్రపుష్ప హోదాను మరొకసారి చట్టంలో స్థిరపరచినది 1967లో.

మన తెలంగాణ రాష్ట్రం 2014లో తంగేడును తన పువ్వుగా ఎన్నుకొన్నది. గుట్టలమీద విరగబూసే తంగేడును బుట్టలకొద్దీ కోసి బతుకమ్మను పేరుస్తారు. కోసుకోవడమే దానికి గౌరవం. ఇక్కడి పువ్వుకు కోయకపోవడం గౌరవం. రెండూ పౌరులకు ఇష్టమైన పూలే.

కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంవారి అనుభవం చూడండి. వారు 1947లో లేడీస్ స్లిప్పర్‌నే రాష్ట్రపుష్పం చేసికొని, ఈ రాణిగారి రకమే పెట్టుకొన్నారు. అక్కడ అది మరీ అరుదు కావడంతో 1965లో దానిని దించి, అదే కుటుంబంలో ఎక్కువగా కనిపించే గులాబి రకానికి పట్టం కట్టారు. మిన్నెసోటా అలా చేయలేదు. ఇక్కడ ఎలాయిజ్ బట్లర్ అనే వృక్షశాస్త్ర ఉపాధ్యాయిని పూనికతో 1907లోనే మినియాపొలిస్ నగరంలో చిత్తడినేలతో సహా ఒక అడవిపూల తోట ఏర్పడింది. ఇప్పుడు ఆమె పేరే దానికి ఉన్నది. లేడీస్ స్లిప్పర్లను కాలిబాట మీదనుంచే చూడవచ్చు.

ఇంకా ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గర, బౌడెట్ నుంచి పడమటికి పోయే 11వ నంబరు రోడ్డు ప్రక్కన పల్లపు గుంటల్లో ఇవి గుంపులు గుంపులుగా పూస్తాయి. రోడ్డు కోసం చెట్లు కొట్టినందువల్ల వెలుతురూ, గుంటల్లో నిలిచే తడీ వాటికి కలిసివచ్చాయి. వేసవి సెలవుల్లో అటు వెళ్ళేవారు కారు ఆపి చూడండి, ఫొటో తీసికోండి. కాని చేయి వేయకండి. చట్టం మాట అటుంచి, ఆ కాడలమీద, ఆకులమీద ఉన్న నూగు కొందరికి చర్మంమీద దద్దుర్లు తెప్పిస్తుంది.