హైదరాబాదు క్రైస్తవ సంఘములు: ఆరాధనయు ఐకమత్యమును



ఒక మతము పరదేశమునుండి వచ్చినదని చెప్పుట సులభము. వచ్చిన పిమ్మట అది ఈ నేలలో నెట్లు వేరు దన్నినదో విచారించుట కష్టము. హైదరాబాదు నగరమున ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతముల క్రైస్తవ సంఘముల చరిత్రము ఈ విచారణకు మంచి నిదర్శనము. అందుచేత నేడు దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

ఆరవ నిజామగు మహబూబు అలీఖానుగారి కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియను యూదుడుండెను. అతని దుకాణమువలన ఆ వీధికి ఆబిడ్సు అను పేరు కలిగెను. అచ్చటికి నాంపల్లి రైలుస్టేషను ఎంతో దూరము కాదు. ఆ రెంటికి నడుమ చాపెల్ రోడ్డు కలదు. చాపెల్ అనగా ఇంగ్లీషున చిన్న ప్రార్థనాలయము.

1798 సంవత్సరపు సంధివలన ఇంగ్లీషువారి సైన్యము నిజాము రాజ్యమున స్థిరపడెను. దొరలు వచ్చిరి, వారివెంట వారి ఆరాధనయు వచ్చెను. ఆబిడ్సులో 1834లో సెయింటు జార్జి గ్రామరు పాఠశాల వెలసినది. సెయింటు జార్జి దేవాలయము 1844 నాటిది. కతోలికుల సెయింటు జోసెఫు దేవాలయమునకు 1870లో పునాది పడెను. 1786లో ఫ్రెంచి సేనాని రేమాను ఫిరంగులు పోతపోయించిన గన్‌ఫౌండ్రీ దానికి చేరువనే కలదు. ఫిరంగులు తయారైన చోటికి 1892లో ఇటలీదేశమునుండి అయిదు గంటలు వచ్చి, గోపురములపై మ్రోగసాగెను. అమెరికా మెథడిస్టులు 1895లో స్టాన్లీ బాలికా పాఠశాలను స్థాపించిరి.

కట్టడములు లేచినవి; పాఠశాలలు నడచినవి. కాని తెలుగువాని మాటయేది? దర్బారున మొదట పారసీయు, పిదప ఉర్దూయు చెల్లుబడి యయ్యెను. దొరల గుడిలో ఇంగ్లీషు, కతోలికుల పూజలో లాటిను వినబడెను. పొలము దున్నువానికిని, చెప్పులు కుట్టువానికిని ఈ నాలుగును పరభాషలే. అర్థము కాని ప్రార్థన చెవికి సోకును గాని హృదయమునకు దిగునా?

ఈ కొరతను తీర్చినవి రెండు: తెలుగు గ్రంథము, తెలుగు కీర్తన. 1818లో శ్రీరామపురమునందు క్రొత్త నిబంధన తెలుగున అచ్చుపడెను. బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి 1890లో దివంగతుడగువరకు ఎన్నియో కీర్తనలు రచించెను. అవి మన రాగములందు, మన తాళములందు నడచును. దేవుడు తెలుగున వినునని సామాన్యునకు ధైర్యము చెప్పినవి ఈ కీర్తనలే.

నేను వ్యాకరణము, కావ్యములు సంప్రదాయపద్ధతిని చదివినవాడను. ఈ గుడులలో జరుగునది దొరల వ్యవహారమని చాలకాలము తలచితిని. ఒక ఆదివారమున నాంపల్లిలో రైలునకు వ్యవధి యుండగా, ఆబిడ్సు దిక్కున నడచుచు ఒక ప్రార్థనాలయపు కిటికీచెంత నిలిచితిని. లోపల తబలాతో తెలుగు కీర్తన సాగుచుండెను. వరుస చివర ఒక వృద్ధురాలు కూర్చుండి, ఒడిలోని పుస్తకమున ప్రతి పంక్తిమీదను వ్రేలు జరుపుచు పాడుచుండెను. ఆమె చేతులు కాయకష్టము చేసిన చేతులు. నేను పనిచేసిన పల్లెలలో ఆ వయసు స్త్రీల కెందరికి అక్షరములు వచ్చును? వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ దినమున నాకు రైలు తప్పినది. గర్వమును కొంత తప్పినది.

వారి ఆరాధనక్రమము సరళమైనది. కీర్తన, ప్రార్థన, వాక్యపఠనము, ప్రసంగము, కానుకలు, తుదకు ఆశీర్వాదము. నియమిత దినములందు ప్రభు భోజన సంస్కారము జరుగును. పిల్లలకు ఆదివారపు బడి, స్త్రీలకు సమాజము, యువకులకు వేరొక కూటము. మట్టల ఆదివారము, మంచి శుక్రవారము, కోత పండుగ, క్రిస్మసు అని సంవత్సరమంతయు వరుసగా గడచును. రోగి యున్న ఇంటికి పోయి ప్రార్థించుట, చావు వచ్చిన ఇంట సమాధికార్యమునకు నిలబడుట సంఘమువారి విధి. ఆరాధన గుడిలో మొదలై ఇండ్లలో పూర్తియగునన్న మాట.

దోషములు లేవా? ఉన్నవి. కులము వాకిట చెప్పులతోబాటు విడువబడలేదు. పలుచోట్ల వెనుకటి భేదములు గుడిలోపలికిని వచ్చినవి. దీనిని గట్టిగా ఎదిరించినవారిలో దోర్నకల్లు బిషపు అజరయ్యగారు ముఖ్యులు. వారు తమిళులు, తెలుగు నేర్చి నిజాము రాజ్యమున సేవచేసిరి. 1912లో ఆంగ్లికను సంఘమున బిషపు పదవి నందిన మొదటి భారతీయులు వారే. బల్ల యొకటే, పాత్ర యొకటే అనునది వారి పట్టు. వారి మండలమున స్త్రీలు వంట కెసరు పెట్టునపుడెల్ల పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచి సంఘమునకు తెచ్చెడివారు. పరదేశపు ధనముమీద నిలిచిన గుడి పరదేశపుదే; మన పిడికెటి బియ్యముమీద నిలిచినది మనది.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, ఇంగ్లీషు మెథడిస్టులు మున్నగువారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. సెయింటు జార్జి దేవాలయము నేడు అందులోనిదే. అమెరికా మెథడిస్టుల సంఘము వేరుగా నుండి, 1981లో భారతదేశ మెథడిస్టు సంఘముగా స్వతంత్రమాయెను. 1963లో రోమునగరపు మహాసభ దేశభాషలలో పూజకు అనుమతించెను. లాటిను వినబడిన చోట తెలుగు వినబడసాగెను. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతియగు పూల అంతోనిగారు కార్డినలు పదవి నందిరి. తెలుగువారిలో ఆ పదవి నందిన మొదటివారు వారే. దళితులలోను మొదటివారు వారే. 1844 నాటి దొరలు ఈ దినమును ఊహించియుందురా?

పెద్దలారా, నేను మతము మారుమని చెప్పవచ్చినవాడను కాను; ఎవరి దైవము వారికి పూజ్యము. మన యూళ్లలో భజనమందిరములు, గ్రంథాలయములు ఉత్సాహముతో మొదలై రెండేండ్లకు తాళము పడుట మీరెరిగినదే. ఈ సంఘములు నిలిచిన కారణము గోపురము గాదు. వారమున కొకమారు తప్పక కూడుట. తమ భాషలో తాము పాడుట. పేదయైనను తన పిడికెడు తానిచ్చుట. ఒక వరుసను కూర్చుండుటకు పెనుగులాడుట. ఈ నాలుగును ఏ మతమువారి సొత్తును గావు. మీ యూరి మందిరమునకు తాళము పడియున్నచో, తాళపుచెవి ఎచ్చట నున్నదో ఇప్పుడు మీకు తెలిసినది.